సుముహూర్తాన పిల్స్‌నర్

కువైట్‌లో మద్యం లేదు. అమ్మరాదు, కాయరాదు, తాగరాదు. ఈ నిషేధాన్ని మనస్ఫూర్తిగా సమర్థించే సంస్థల్లో మా ఫహాహీల్ తెలుగు సంఘానిదే అగ్రస్థానం. సంఘాధ్యక్షులు శ్రీవత్స గారు ప్రతి సభలోనూ మద్యపాన దుష్ఫలితాలపై ప్రసంగిస్తారు. సభ ముగిశాక, కంపెనీ ఖర్చుతో ప్రాగ్‌లో గడిపిన పది రోజులు తలచుకుని, "అబ్బ, ఆ పిల్స్‌నర్ బీరు! ఆ బంగారు రంగు!" అని కళ్ళు మూసుకుంటారు. రెండు ప్రసంగాలూ సమాన భక్తితోనే సాగుతాయి.

ఆయన కిందే పనిచేసే విజయవాడ ఇంజినీరు అనంతరామ్ గారికి పెద్ద చిక్కొచ్చిపడింది. కంపెనీ ఒకరిని తీసేస్తోంది. పోయేది అనంతరామ్ గారా, శ్రీవత్స గారి బావమరిది ఉజ్వలా అన్నది తేల్చేది శ్రీవత్స గారే. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా పోతుంది, ఇఖామా పోతే కూతురు ప్రజ్ఞ పన్నెండో తరగతి మధ్యలోనే ఆగిపోతుంది. అందుకని అనంతరామ్ గారు బాస్‌ను మెప్పించడానికి ఇంట్లోనే పిల్స్‌నర్ కాయాలని నిశ్చయించారు. కాస్తూ దొరికితే ప్రభుత్వం పంపేస్తుంది, కాయకపోతే కంపెనీ పంపేస్తుంది. రెండింట్లో రుచిగా ఉన్నదాన్ని ఆయన ఎంచుకున్నారు.

బీరుకు చేదునిచ్చే హాప్స్ పువ్వులూ, పులియబెట్టే ఈస్టూ ఊరెళ్ళొచ్చిన భార్య సుమతి సూట్‌కేసులో, కరివేపాకు పొడి పొట్లాల మధ్య దిగాయి. మొలకెత్తించిన బార్లీ ఇడ్లీ కుక్కర్ పక్కనే ఉడికింది. పిల్స్‌నర్ లాంటి లాగర్ బీరు చలిలో నెమ్మదిగా పులియాలి గనుక అల్ రాయ్ పాత సామాన్ల బజారు నుంచి పాత ఫ్రిజ్ ఒకటి తెచ్చి పడగ్గదిలో ప్రతిష్ఠించారు. ఇంత ఘనకార్యానికి ముహూర్తం లేకుండా ఎలా? విజయవాడ పురోహితుడికి "ఏదో పానకం పని" అని చెప్పి వీడియో కాల్ పెట్టారు. రెండు దేశాల గడియారాల తేడా ఎవరికీ గుర్తు రాలేదు. గంజి ఇంకా సెగలు కక్కుతుండగానే అవతలి నుంచి, "ఇదే ఘడియ! దాటిందా, వర్జ్యం!" అని కేక వినిపించింది. చల్లారాక వెయ్యాల్సిన ఈస్టును అనంతరామ్ గారు మరిగే గంజిలోనే పోసి దణ్ణం పెట్టారు.

వారాలు గడిచినా ఒక్క బుడగ లేదు. లాగర్ స్వభావమే శాంతమని అనంతరామ్ గారు సరిపెట్టుకున్నారు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం సంఘ ప్రముఖులందరూ తలుపులు వేసుకుని స్టీలు గ్లాసులు పట్టుకున్నారు. నురగ రాలేదు. "అసలు సిసలైన పిల్స్‌నర్‌కి నురగుండదు" అని శ్రీవత్స గారు తేల్చారు. రెండో గ్లాసుకే సభ ఊగింది. ఒకాయన సోఫా మీంచి జారి, అక్కడే పద్యం ఎత్తుకున్నాడు. డాక్టర్ చంద్రావతి గారు తన నాడి తానే పట్టుకుని, "ఐదు శాతం పైనే!" అని ధ్రువీకరించారు. శ్రీవత్స గారైతే అనంతరామ్ గారిని కావలించుకుని భోరుమన్నారు.

"నీ పేరు ఎప్పుడో కొట్టేసిన తమ్మీ! ఆ ఉజ్వల్ గాడికి నట్టేదో బోల్టేదో తెల్వదు. ఇంట్ల పోరు పడలేక వాణ్ణుంచిన. ఎల్లుండే మారుస్త. పిల్లల మీదొట్టు!"

అందరూ చప్పట్లు కొట్టారు. సుమతికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఇక్కడ వారం మొదలయ్యేది ఆదివారమే; ఆ రోజు ఆఫీసులో శ్రీవత్స గారు ముఖం చిట్లించారు. "మత్తులో ఏదో వాగుతం. దానికో విలువా?"

అనంతరామ్ గారు నీరుగారిపోయి ఇల్లు చేరారు. మిగిలిన పిల్స్‌నర్‌లో సుమతి, పులిసిందో లేదో చూపే కొలత గొట్టం ముంచి చూసి కెవ్వుమంది. "ఏమండీ! గీత మొదటి రోజు ఎక్కడుందో అక్కడే ఉంది. ఇది పులవనే లేదు! మీరంతా తాగింది ఉత్త బార్లీ నీళ్ళండీ!"

హమ్మయ్య! మత్తే లేదంటే మాట మాటే. మర్నాడు అనంతరామ్ గారు సీసాతో సహా వెళ్ళి, "సార్, మీరు పూర్తి స్పృహలోనే ఒట్టేశారు" అని సంతోషంగా విన్నవించుకున్నారు.

శ్రీవత్స గారు పాలిపోయారు. బీరు తాగానంటే చట్టం ఊరుకోదు, తాగలేదంటే మాట తప్పినట్టవుతుంది. అయితే అధ్యక్షులు ఊరికే అవుతారా? ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం పెట్టి గద్గద స్వరంతో ఇలా సెలవిచ్చారు: "సోదర సోదరీమణులారా! నమ్మి వచ్చిన పెద్దలకు బార్లీ నీళ్ళు పోసిన మనిషి, రేపు కంపెనీకి ఏం పోస్తాడు? తప్పును క్షమించవచ్చు. మోసాన్ని క్షమించలేం!"

చంద్రావతి గారి చెయ్యి మొదట లేచింది. తీర్మానం ఏకగ్రీవం. నమ్మకద్రోహి అన్న కారణంతో కంపెనీలో అనంతరామ్ గారి ఉద్యోగమూ, దాంతో ఇఖామా ఖలాస్ అయ్యాయి. ప్రజ్ఞ పుస్తకాలు అట్టపెట్టెల్లోకి ఎక్కాయి.

మందుతో దొరికిపోయి ఈ దేశం దాటినవాళ్ళు అన్ని జాతుల్లోనూ ఉన్నారు. మందులో మందు లేకపోవడం వల్ల దాటిన మొట్టమొదటి మనిషి మన తెలుగువాడే కావడం మనందరికీ గర్వకారణం.