తెల్లబండ దగ్గర ముఖ్య అతిథులు

ఒక పెద్ద అడవిలో ఉదయం ఆరుంపావుకు ఏదమ్మ అనే ముళ్లపంది ఏట్లో మొహం కడుక్కుంటోంది. ఎగువ నుంచి సగం కొరికిన సొరకాయ ఒకటి కొట్టుకొచ్చి ఆమె ముక్కుకు తగిలింది.

దాని మీద పళ్ల గాట్లు చూసి ఏదమ్మ దాన్ని ఒడ్డుకు లాక్కుంది. అవి ముళ్లపంది గాట్లు. ఆ అడవిలో ఆమె తప్ప ఇంకో ముళ్లపంది లేదు. తోడు లేని బతుకు ఆమెకు ఎప్పుడో విసుగెత్తింది.

ఏరు కొండ అవతలి అడవి నుంచి వస్తుంది. అక్కడ ఎవరైనా ఉన్నారా అన్న సంగతి అంతవరకు ఎవరికీ పట్టలేదు.

వెంటనే సభ పిలిచారు. సింహం అధ్యక్షుడు. కొండముచ్చు సలహాదారు, ఆయన తోక పొడవు, ఉపన్యాసం ఇంకా పొడవు.

"వెళ్లి కలుద్దామండీ," అంది ఏదమ్మ.

"చెప్పాపెట్టకుండా వాళ్ల అడవిలోకి పోతే దండయాత్ర అంటారు," అన్నాడు సింహం. "వాళ్లు వస్తే నేనూ అలాగే అంటాను."

"కబురు పంపితే?"

"ఏరు ఇటు పారుతుంది కానీ అటు పారదు కదమ్మా," అన్నాడు కొండముచ్చు జాలిగా.

"పోనీ, కొంగను పంపితే?"

సింహం జూలు విదిలించాడు. "రాయబారాలు రెక్కలున్నవాళ్లు చేస్తే నడిచేవాళ్ల పరువేం కాను?"

కొండముచ్చు గొంతు సవరించుకున్నాడు. "ఏరు కిందికి పారుతోందంటే కింద ఎవరో తాగుతుంటారని వాళ్లకీ తెలుసు. మనల్ని చూడాలని వాళ్లకీ ఉంటుంది. కాబట్టి, మాటా మంతీ లేకపోయినా ఇద్దరికీ తోచే చోటు ఒకటుంటుంది. అదేదో మనం కనిపెట్టాలి."

"అందులో కనిపెట్టేదేముంది?" అన్నాడు ఎలుగుబంటి. "తేనెపట్లున్న మద్దిచెట్టు. బుర్ర ఉన్నవాడెవడైనా అక్కడికే వస్తాడు."

"బుర్ర ఉన్నవాడు బురదగుంటకు వస్తాడు మావా," అన్నాడు అడవిపంది.

"నేనుండగా ఇంకో చోటు తోస్తుందా ఎవరికైనా? నా గుహ!" అన్నాడు సింహం.

మధ్యాహ్నం దాకా అరుచుకున్నారు. చివరికి రెండు అడవుల నడుమ కొండ మీదున్న తెల్లబండ ఖాయమైంది. అక్కడ తినడానికి ఏమీ లేదు కనుక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. పున్నమి ఇద్దరికీ ఒకటే కనుక, ఆ మర్నాటి పొద్దున్నే ముహూర్తం.

ఆ రోజు ఏదమ్మ ముళ్లన్నీ దువ్వుకుని అందరికంటే ముందు నడిచింది. బండ కనబడగానే కొండముచ్చు చెయ్యెత్తాడు.

"ఆగండి! మనం ముందు వెళ్లి నిలబడితే, తర్వాత వచ్చే వాళ్లు ముఖ్య అతిథులవుతారు. మనం స్వాగత సంఘం అవుతాం."

సింహం ఉలిక్కిపడ్డాడు. ఆ అడవి ఆచారం ప్రకారం గొప్పవాడు ఆఖర్న రావాలి. సింహం తన పెళ్లికే భోజనాలయ్యాక వచ్చాడు.

"స్వాగత సంఘమా? నేనా? అందరూ పొదల్లోకి!"

"నేను వెళ్లి నిలబడతానండీ," అని బతిమాలింది ఏదమ్మ. "నాకు పరువు లేదు."

"ఒసే, నీకు లేకపోవచ్చు," అన్నాడు సింహం. " నీ వెనక మేమున్నాం. కూర్చో!"

కూర్చున్నారు. ఎండ నెత్తికెక్కింది. కానుకగా తెచ్చిన తేనె చెడిపోతుందని ఎలుగుబంటి తాగేశాడు. బండ మీద ఒక తొండ తప్ప ఎవరూ లేరు.

"అవతలి పొదలో ఎవరో తుమ్మారండీ," అంది ఏదమ్మ.

"గాలి," అన్నాడు కొండముచ్చు.

"గాలి మూడుసార్లు తుమ్మి, ఎవరినో తిట్టిందండీ."

"కొండగాలి," అన్నాడు కొండముచ్చు.

పొద్దు వాలుతుంటే ఇళ్లకు తిరిగొచ్చారు. అవతల జీవం లేదని, ఒకవేళ ఉన్నా సమయపాలన లేదని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఏదమ్మ సొరకాయను బొరియలో పెట్టుకుని ఏడ్చింది.

కొన్నాళ్లకు కొంగ ఏటి దగ్గర వాలి, మాటల్లో అసలు సంగతి చెప్పింది. ఆ పున్నమి మర్నాడు ఎగువ అడవి సభ మొత్తం బండకు అవతలి పొదలో కూర్చుందట. వాళ్ల అధ్యక్షుడు పులి. ఆయనకూ స్వాగత సంఘం అంటే పడదు.

"నీకు అన్నీ తెలుసు కదా, చెప్పవేం?" అని మండిపడింది ఏదమ్మ.

"రోజూ అటూ ఇటూ ఎగురుతూనే ఉన్నాను. ఒక్కరైనా అడిగారామ్మా?" అంది కొంగ. "వాళ్లలో ఒక మగ ముళ్లపంది బండ మీదికి పరుగెత్తబోయాడు. ఆపాలని పులిగారు అతని మీద కూర్చున్నారు. అప్పట్నుంచి వాళ్ల సభ నిలబడే జరుగుతోంది."

"అతనేమయ్యాడు?"

"ఆ బండ మీదే ఉన్నాడు, దిగనంటున్నాడు. ముందొచ్చినవాడు చిన్నవాడైతే, తను చిన్నవాడేనట."

కొంగ తల తిప్పేసరికి ఏదమ్మ కొండదారిలో సగం దూరం పోయింది.

నీతి: ముఖ్య అతిథిగా ఉండదలచినవారు పొదలోంచి బయటికి రాకూడదు.