అలర్జీకొకటి, దద్దుర్లకొకటి, దురదకొకటి

రంగుల ఫ్యాక్టరీ సేఫ్టీ సూపర్‌వైజరు ఆ పొద్దున వేసుకున్న ప్లాను చిన్నది. పదింటికి కార్మికుల ముందు నిలబడి, "డబ్బా ముట్టుకునే ముందు లేబుల్ చదవండి" అని అరగంట మాట్లాడాలి. మేనేజరు మెచ్చితే ఆరేళ్ల టెంపరరీ బతుకు తీరి ఉద్యోగం పర్మనెంటవుతుంది. తీరా తెల్లారేసరికి ఒళ్లంతా దద్దుర్లు. తన మంచిరోజులన్నీ ఇలాగే తెల్లవారతాయని అతనికి ప్రాణం విసిగిపోయింది.

"అలర్జీ. ఇది వేసుకోండి," అని భార్య ఒక మాత్ర మింగించి, మిగతా షీటు జేబులో పెట్టింది.

మెట్ల మీద బావమరిది ఆపాడు. "అక్క ఇచ్చింది అలర్జీకి బావా. దద్దుర్లకి ఇదీ."

ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరు చూసి జాలిపడ్డాడు. "మరి దురద సంగతో? దానికి వేరే ఉందండీ."

వద్దంటే నొచ్చుకుంటారు. మొహమాటానికి మూడూ మింగాడు. లోకానికంతా లేబుల్ చదవమని చెప్పే మనిషికి, తన జేబులోవి తిప్పి చూసే ఓపిక మాత్రం లేకపోయింది.

పదింటికి థిన్నర్ ఖాళీడబ్బా పైకెత్తి, "దీని మీద ఏం రాసుందో..." అన్నాడు. నోరెండిపోయింది. నాలుక మొద్దుబారింది. తల వెళ్లి బల్ల మీద ఆనింది.

థిన్నర్ ఆవిరి కొట్టిందనుకున్నారు జనం. అతను పోయిన నెల నేర్పినట్టే ఇద్దరు ముక్కులకు గుడ్డ కట్టుకుని అతన్ని మోసుకెళ్లారు, ఒకడు సైరన్ మోగించాడు. నాలుగు నిమిషాల్లో ఫ్యాక్టరీ మొత్తం ఆరుబయట ఉంది.

ఫ్యాక్టరీ డాక్టరమ్మ అతని జేబులోని షీట్లు తిప్పి చూసింది.

"పేర్లు మూడు, మందు ఒక్కటే. పైగా నిద్రమత్తు రకం. బండి మీద రాలేదు కదా?"

"బస్సండీ," అన్నాడు కళ్లు తెరవకుండానే. "నా ఉద్యోగం పోయినట్టేనా?"

"ముందు ప్రాణం సంగతి చూసుకోండి. సాయంత్రం దాకా నా కళ్లముందే ఉండాలి. ఇక నేను చెప్పేదాకా ఏ మాత్రా వద్దు. ఊపిరాడకపోయినా, మొహం వాచినా మాత్రలు మింగుతూ కూర్చోకూడదు, ఆస్పత్రికి పరిగెత్తాలి."

మర్నాడు మేనేజరు పిలిస్తే, ఇంటికి పంపేస్తారనుకుంటూ కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు.

"ఎన్నిసార్లు డ్రిల్లు పెట్టినా అందరూ బయటపడ్డానికి పది నిమిషాలకు తగ్గలేదయ్యా. నిన్న నాలుగు. ఏం నటించావు!" అంటూ మేనేజరు పర్మనెంటు కాగితం ముందుకు తోశాడు.

నిజం చెప్పబోయి, మొహమాటపడి సంతకం పెట్టేశాడు.

నెలకోసారి అదే ప్రదర్శన ఇవ్వాలని అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న సంగతి, సాయంత్రం భార్య చదివి చెప్పింది.