తొమ్మిది అంగుళాల ప్రయాణం

మన ఊరికీ పక్క ఊరికీ మధ్య విమానం నడుస్తున్నందుకు ముందుగా భగవంతుడికీ, తర్వాత ప్రభుత్వానికీ కృతజ్ఞతలు చెప్పుకోవాలి.

విమానాశ్రయం ఊరికి దూరంగా ఉండాలని నిపుణులు చెప్పారు. ఎంత దూరమన్నది పెద్దమనుషులు కొన్న పొలాలను బట్టి ఉంటుంది. మన పెద్దమనుషుల పొలాలు ఊరికి తూర్పున ఉన్నాయి, పక్క ఊరివాళ్లవి ఆ ఊరికి పడమట. ఆ విధంగా రెండు విమానాశ్రయాలూ వీపూ వీపూ ఆనించుకుని వెలిశాయి. నడుమ ఒక గోడ.

ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు ఆ గోడ మీద చెయ్యి వేసి, "ఇంతకుముందు ఈ రెండు ఊళ్ల మధ్య బస్సులో రెండు గంటలు పట్టేది. ఇవాళ మన విమానాశ్రయాల మధ్య దూరం తొమ్మిది అంగుళాలు! ఎవరైనా సాధించారా?" అని గర్జించారు. చప్పట్లు కొట్టాం. రన్‌వేలకు అడ్డమొచ్చిన పాత రోడ్డునూ, దాంతోపాటు బస్సునూ ఆ రోజే ఎత్తేశారు.

ప్రయాణ సమయం నలభై నిమిషాలు. తొమ్మిది అంగుళాలకు అంతసేపేమిటని నాబోటి అల్పజ్ఞులకు అనుమానం రావచ్చు. విమానమన్నాక పైకి లేవాలి, తిరగాలి, దిగాలి. దూరం తక్కువని మర్యాద తప్పుతుందా?

ఈమధ్య మా అక్కకు ఆపరేషనన్నారు. ముందురోజు ఆ ఊరి నుంచి ఫోన్ చేసింది. "తమ్ముడూ, పదింటికి లోపలికి తీసుకెళ్తారట. ముందోసారి కనిపించరా, నాకు భయంగా ఉంది."

నేనూ మా ఆవిడా దేవుడికి దండం పెట్టుకుని తెల్లవారకముందే బయల్దేరాం. అక్క కోసం ఫ్లాస్కులో పోసుకున్న పాలను అనుమానాస్పద ద్రవంగా నిర్ధారించి, మా క్షేమం కోరి పారబోశారు. విమానం ఆలస్యమంది. అద్దంలోంచి చూస్తే గోడ అవతల టాక్సీ డ్రైవరు ఆవలించడం కనిపిస్తోంది.

"ఏవండీ, పిలిస్తే పలికేలా ఉన్నాడు" అంది మా ఆవిడ.

అక్కడున్న అధికారిని అడిగాను. "బాబూ, ఆ గోడకో తలుపు పెట్టకూడదూ?"

"తలుపా! పెడితే జనం నడిచిపోరూ? ఇంక విమానం ఎవరెక్కుతారండీ?"

నిజమే. నాకు తట్టలేదు.

చివరికి విమానం లేచింది. మన ఊరి మీద ఒక చుట్టు, వాళ్ల ఊరి మీద ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో ఆస్పత్రి కూడా కనిపించింది. మా ఆవిడ కిటికీలోంచే వదినను పలకరించింది.

ఆస్పత్రి వరండాలో బావ ఎదురొచ్చాడు. "ఇప్పుడా రావడం? స్ట్రెచర్ తోసుకెళ్తుంటే కూడా మెడ తిప్పి గుమ్మం వైపే చూసిందయ్యా! తోడబుట్టినవాడివి, కదలడానికి ఒళ్లు బరువా?"

"అది కాదు బావా, ఫ్లైట్‌లో వచ్చాం."

బావ కోపం అక్కడికక్కడే కరిగిపోయింది. "ఫ్లైటా! ముందే చెప్పొద్దూ!" బెంచీ మీదివాళ్ల వైపు తిరిగి, "మా బావమరిది. ఫ్లైట్‌లో దిగాడు" అన్నాడు.

వాళ్లు సర్దుకుని చోటిచ్చారు. కిటికీ పక్క సీటేనా అని ఒకాయన, లోపల తినడానికేం పెట్టారని ఒకావిడ అడిగారు. కాస్త నిటారుగా కూర్చుని అందరికీ ఓపిగ్గా జవాబులు చెప్పాను.

ఈలోగా నర్సు ఆపరేషన్ గది తలుపు తీసి, పేషెంటు తాలూకు ఎవరని రెండుసార్లు కేకేసిందట. మాకెవరికీ వినపడలేదు.