క్రాపు పాప కేసు

"మేధావులు రెండు రకాలోయ్. ఒక రకం నేను. రెండో రకం ఇంకా పుట్టలేదు," అని ప్రకటించి మా బావ తన భూతద్దాన్ని చొక్కాకి తుడుచుకున్నాడు. ఊళ్ళో ఆయన్ని 'డిటెక్టివ్ భూతద్దం' అంటారు. ఆయన సంచీ మోసే నేను పేరుకి సహాయకుణ్ణి, నిజానికి అసహాయుణ్ణి.

ఆ రోజు మేడ నుంచి మేడమ్‌గారి కబురొచ్చింది. పరుగెత్తాం. సోఫా అంచున మేడమ్‌గారు, పక్కనే చెవిన ఫోన్‌తో అయ్యగారు, మూలన కొంగు నలుపుకుంటూ ఆయా, ఆయా కాళ్ళు కరుచుకుని ఓ క్రాపు తల పిల్ల.

"ఎన్నడూ లేనిది పెందరాళే ఇంటికొచ్చి చూస్తే మా పాప లేదండీ!" అన్నారు మేడమ్‌గారు. "ఎవరి పిల్లనో తెచ్చి పెట్టింది ఈ ఆయా! మా పాపకి ఇంత పొడుగు జుట్టు!"

"ఈ పాపేనమ్మగారూ మీ పాప! పొద్దున జుట్టుకి బబుల్‌గమ్ అంటుకుంటే కత్తిరించాను."

"పాపని చూపించకపోతే పోలీసులకి అప్పజెప్తాం," అన్నారు అయ్యగారు, ఫోన్ చెవి నుంచి తియ్యకుండానే.

బావ కళ్ళు మెరిశాయి. "అంతర్జాతీయ పిల్లల మార్పిడి ముఠా! ఆధారం లేనిదే నేను అధరం కదపను. పాపకి పుట్టుమచ్చలున్నాయా?"

"ఏవండీ, ఉన్నాయా?"

"ఉండు, సెక్రటరీని కనుక్కుంటా."

"పళ్ళెన్ని ఊడాయి?"

"ఊడతాయా!" మేడమ్‌గారు గుండె పట్టుకున్నారు.

గోడ మీద ఒకే ఒక్క ఫోటో. ఉయ్యాల్లో పాప, నోట్లో పాలపీక. బావ ఫోటోనీ పిల్లనీ మార్చి మార్చి చూశాడు. "ఈ పిల్ల నోట్లో పాలపీక లేదు. మోసం స్పష్టం!"

"పిల్లనే అడిగితే పోలా బావా?" అన్నాను.

"నీ తృప్తి కోసం అడుగుతా. పాపా, నువ్వెవరు?"

"ముందు మీరెవరో చెప్పండి."

"గట్టి శిక్షణ ఇచ్చార్రోయ్!" అని బావ నా చెవిలో ఊదాడు.

ఆయాకి కళ్ళనీళ్ళు ఆగలేదు. "పాపని కన్నది అమ్మగారు, కనిపెట్టుకుంది నేను. నన్ను జైల్లో పెడితే రేపు దీనికి అన్నం ఎవరు పెడతారు బాబూ?"

"ముద్దాయి కంట్లో కుళాయి!" అంటూ బావ ఠీవిగా వెనక్కి నడిచి, బొమ్మ కారు మీద కాలేసి, జర్రున జారి, సోఫాలో ఉన్న రిమోట్ మీద కూలబడ్డాడు.

ఏ బటన్ మీద ఏ భాగం పడిందోగానీ గోడంత టీవీ వెలిగింది. పాప గదిలోని కెమెరా పొద్దుట పట్టిన దృశ్యం అది. కెమెరా పెట్టించిన దంపతులు దాన్ని ఎప్పుడూ తెరిచి చూసిన పాపాన పోలేదు. పొడుగు జుట్టు పాప, జుట్టు నిండా బబుల్‌గమ్, "కదలకమ్మా" అంటూ కత్తెరతో ఆయా. చూస్తుండగానే క్రాపు పాప తయారైంది. అంతలో అయ్యగారు ఫోన్ మాట్లాడుకుంటూ గదిలోకి వచ్చి, మంచం మీది ఎలుగుబంటి బొమ్మ తల నిమిరి, "బై నాన్నా, బుద్ధిగా ఉండు," అని వెళ్ళిపోయారు. ఆ పక్కనే పాప చెయ్యి ఊపుతూ నిలబడిపోయింది.

అయ్యగారి చెవి నుంచి ఫోన్ దానంతట అదే దిగింది.

"పథకం ప్రకారమే కూలబడ్డాను," అన్నాడు బావ నడుం పట్టుకుని.

ఆయా కళ్ళు తుడుచుకుంది. "రేపు నాకు సెలవమ్మగారూ. పాప మీ దగ్గరే."

మేడమ్‌గారు పాప ముందు నేల మీద కూర్చున్నారు. "రేపు నీకేం వండించనమ్మా? నీకేం ఇష్టం?"

పాప ఆయా వైపు చూసింది. ఆయా పెదవులు బిగించింది.

"చెప్పుకోండి చూద్దాం!" అంది పాప.

ఆ మాట వినగానే బావ నడుం నొప్పి మరిచి లేచాడు. ఆయా ఆయన భుజం పట్టి మళ్ళీ కూర్చోబెట్టింది.

"మీరు కూర్చోండి బాబూ. ఈ కేసు వాళ్ళది."