సి షిఫ్టు పావురం

బుధవారం పొద్దున్న ఆరున్నరకి అర్జునరావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. స్నానం, నాలుగు ఇడ్లీలు, నిద్ర. ఇరవై తొమ్మిదేళ్లుగా ఉక్కు ఫ్యాక్టరీలో క్రేను నడుపుతున్న మనిషికి రాత్రంతా సాగే సి షిఫ్టు దిగాక అంతకు మించిన కోరికలు ఉండవు. ఉక్కునగరంలో ఆ సంగతి అందరికీ తెలుసు. తలుపుకి ‘సి షిఫ్టు – బెల్లు కొట్టరాదు’ అని అట్ట వేలాడితే పాలవాడు కూడా పిల్లిలా మెట్లెక్కుతాడు. అర్జునరావు ఆ అట్ట తగిలించి, బూట్లు విప్పి, పడకగదిలోకి వెళ్లాడు. అతని దిండు మీద ఒక పావురం కూర్చుని ఉంది.

రోజూ అతను గేటు దగ్గర టీ తాగి ఏడింటికి ఇల్లు చేరేవాడు. ఆ రోజు టీ కొట్టు తియ్యలేదు కాబట్టి అరగంట ముందే వచ్చేశాడు. భార్య సుధారాణి ఇంట్లో లేదు. కింద కుళాయి దగ్గర ఆమె గొంతు వినిపిస్తోంది. బాల్కనీలో బోర్లించిన బట్టల బుట్ట ఒకటి పక్కకి ఒరిగి ఉంది. ఆ బుట్ట అర్జునరావు కంట పడింది గానీ బుర్రలోకి ఎక్కలేదు. ఎక్కి ఉంటే ఈ కథే లేదు.

"పో, పోయే!" అని తువ్వాలు విసిరాడు. పావురం దిండు వదిలి, ఇస్త్రీ చేసి పెట్టిన యూనిఫారం మీద వాలి, అక్కడ చెయ్యకూడని పని చేసింది. అప్పుడు చూశాడు దాని కాలికున్న ఆకుపచ్చ రింగు. దాని మీద 318 అని అంకెలు.

నంబరు చూడగానే అర్జునరావు నిద్ర సగం ఎగిరిపోయింది. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగేవాడు జరిగిందంతా పుస్తకంలో రాసి, ఎక్కేవాడికి అప్పజెప్పి, సంతకం తీసుకుంటేగానీ ఇంటికి కదలడు. ఆ అలవాటు ముదిరి, గ్యాసు బండ మార్చిన రోజున కూడా పెళ్ళాం చేత సంతకం పెట్టించుకునే స్థితికి వచ్చాడు. నంబరుందంటే సొంతదారుడున్నట్టే. ఉంటే అప్పగించవలసిందే.

ఇంటికి పావురం వస్తే ఏం చెయ్యాలని ఫోనుని అడిగాడు. కంగారుపడవద్దు, గాలాడే పెట్టెలో ఉంచండి, నీళ్లు, గింజలు పెట్టండి, కాలి రింగుని బట్టి యజమానిని కనుక్కోండి అని చెప్పింది ఫోను. అర్జునరావు సేఫ్టీ బూట్ల అట్టపెట్టెకి స్క్రూడ్రైవరుతో పన్నెండు కన్నాలు పొడిచాడు. గిన్నెలో నీళ్లు పోశాడు. కందిపప్పు చల్లాడు. తరువాత తమ బ్లాకు వాట్సాప్ గ్రూపులో ఇలా పెట్టాడు: ‘మా ఇంట్లో నంబరు గల పావురం దొరికినది. సొంతదారులు ఆధారం చూపి తీసుకెళ్లవలెను. ఇట్లు, అర్జునరావు.’

సుధారాణి బిందెతో లోపలికి వచ్చి, మొగుడి చేతిలో పావురాన్ని చూసి, బిందె సగం నేల మీదే వొంపేసింది.

"ఓలమ్మా! మీరేటి అప్పుడే వొచ్చేరు?"

"నాను రావడం కాదు, ఇదెప్పుడొచ్చింది సూడు. ఎవలిదో పాపం, దారి తప్పిపోనాది."

"దారి తప్పితే ఒగ్గేయండి, అదే పోతాది. పిట్టలకి దారులు మనం సెప్పాలేటి?" అంటూ ఆమె కిటికీ తెరిచింది.

"నంబరున్న వస్తువుని ఒగ్గెయ్యడానికి నేదు. అప్పజెప్పాల," అని అతను కిటికీ మూశాడు.

సుధారాణి మొగుడి మాటకి అడ్డు చెప్పే మనిషి కాదు. ఆ సంగతి మూడేళ్ల కిందట రుజువైంది కూడా. ఆమె అన్న దొరబాబు పోర్టులో ఓడల్ని లాగే టగ్గు మీద పనిచేస్తాడు. కూతురికి ఉద్యోగం వచ్చిందని విందు పెట్టాడు. వాళ్లింట్లో వంజరం చేప వండితే తలకాయ అల్లుడి విస్తరిలో వెయ్యడం తాతల నాటి ఆనవాయితీ. ఆ రోజు తలకాయ ఎవరో పోర్టు ఆఫీసరు విస్తరికి వెళ్లింది. అర్జునరావుకి తోక ముక్క వచ్చింది. చెయ్యి కడుక్కోకుండానే లేచి, "మళ్లీ నీ గుమ్మం తొక్కితే నా పేరు అర్జునరావు కాదు" అని వచ్చేశాడు. అంతటితో ఆగలేదు. తన తల మీద భార్య చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు. అన్నకి ఫోను చెయ్యకూడదు, వాళ్లింటికి వెళ్లకూడదు, ఏ మనిషి చేతా కబురు పంపకూడదు. సుధారాణి ఆ మూడూ తు.చ. తప్పకుండా పాటించింది. పుట్టింటి ఊసు పోయాక ఆమెకి చేపల మీద ప్రేమ పెరిగిందని అతను అనుకునేవాడు. మల్కాపురం నుంచి చేపల తట్ట తెచ్చే పోతమ్మ ఈ మధ్య వారానికి మూడుసార్లు వస్తోంది మరి.

తలుపు బెల్లు మోగింది. అట్ట ఉన్నా మోగింది. ఎదురింటి నాగబాబు. గోదావరి జిల్లా నుంచి వచ్చి సెక్యూరిటీ ఉద్యోగంలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. ఆ ముప్పై ఏళ్లలో ఒక్క దొంగా దొరకలేదన్న బెంగ ఆయనకి ఇంకా పోలేదు.

"గ్రూపులో చూశానండి. కిటికీలన్నీ మూయించారా? ఫేనాపండి ముందు. పావురం కాదండి బాబూ ఇది. ఒకపక్క నేవీ, ఒకపక్క పోర్టు, ఇంకోపక్క మన ప్లాంటు. ఇలాంటి చోటికి నంబరున్న పావురం ఊరికే వస్తుందటండీ?"

"ఊరికే వొచ్చిందన్నయ్యగారూ," అంది సుధారాణి ఏడుపు గొంతుతో. మళ్లీ కిటికీ తెరవబోయింది. నాగబాబు తన వీపు కిటికీకి ఆనించి నిలబడ్డాడు.

ఎనిమిదయ్యేసరికి బెల్లు పదకొండుసార్లు మోగింది. మెట్ల మీద చెప్పుల కుప్ప లేచింది. ఫ్యాను ఆపేసిన ఆ గదిలో ఉక్కతో అందరూ ఉడికిపోతుండగా నాగబాబు పావురాన్ని తిరగేసి రెండో కాలు పరీక్షించాడు. ఈకల మాటున నీలం దారంతో చుట్టిన చిన్న కాగితం! సుధారాణి గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. నాగబాబు కళ్లద్దాలు పెట్టుకుని గట్టిగా చదివాడు.

‘మాత్ర మానకు. ఉప్పు తగ్గించు. శనివారం దాకా సి షిఫ్టు, తరవాత ఏ షిఫ్టు. ఇక్కడ ఎవలికీ అనుమానం నేదు.’



"మన షిఫ్టులు బయటికి పోతన్నాయి!" అన్నాడు అర్జునరావు. అతనికి నిజంగానే ఒళ్లు మండిపోయింది. ఇరవై తొమ్మిదేళ్లు అన్నం పెట్టిన ఫ్యాక్టరీ. "లోపలోడే ఎవడో రాత్తన్నాడు. శనివారం దాకా సి షిఫ్టంటే మా బ్యాచ్చే కదా. నా పక్కన కూకుని టీ తాగేవోడే అయ్యుంటాడు!"

"మాత్ర అంటే ఏంటో, ఉప్పు అంటే ఏంటో అది తర్వాత తేలుద్దాం. ముందు ఇది ఎవడికి చేరాలో వాణ్ణి పట్టుకోవాలండి. చేతికి దొరికాకే పై వాళ్లకి చెప్దాం," అన్నాడు నాగబాబు. పేరు తనకి రావాలని ఆయన ఆశ.

మల్కాపురంలో పావురాల పందేలు నడిపే ఒకాయన నాగబాబుకి తెలుసు. ఫోను చేసి 318 ఎవరిదని అడిగాడు. పేర్ల పుస్తకం ఇంటి దగ్గర ఉండిపోయిందిట, తను అన్నవరం వెళ్తూ బస్సులో ఉన్నాడట. ఇల్లు మాత్రం చెప్పగలడట. మల్కాపురంలో చర్చి దాటాక రెండో సందు, నీలం గేటు, మేడ మీద గూడు.

"ఏటండీ," అంది సుధారాణి చెయ్యి పట్టుకుని, "మీరు పడుకోండి. రాత్రంతా మేలుకున్నారు. మీ కాళ్లు పట్టుకుంటాను, ఎల్లకండి."

"నీకు తెల్దు, సుధా. ఇది దేశానికి సంబందించింది."

పాపం ఆమె ఏం చేస్తుంది? ఫోను చేసి అన్నని హెచ్చరిద్దామంటే ఒట్టు. వెనకే ఆటోలో పోదామంటే ఒట్టు. ఎవరి చేతైనా కబురు పంపుదామంటే అదీ ఒట్టే. మొగుడి తల మీద వేసిన ఒట్టు తప్పి అతనికేదైనా అయితే తను బతకగలదా? ఉన్న ఒక్క దారీ బూట్ల పెట్టెలో కందిపప్పు తింటోంది. పెట్టె నాగబాబు చంకలో ఉంది.

అర్జునరావు బండి తీశాడు. వెనక నాగబాబు పాత ఖాకీ ప్యాంటు వేసుకుని, మెడలో ఈల వేలాడదీసుకుని, పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గాజువాక జంక్షన్లో సిగ్నలు పడ్డప్పుడల్లా పెట్టె కువకువమనేది. పక్క బండ్లవాళ్లు నాగబాబు కడుపు వైపు జాలిగా చూసేవాళ్లు. ఆయిలు ట్యాంకర్ల మధ్య దూరి, చర్చి దాటి, రెండో సందులోకి తిరిగారు. నీలం గేటు. మేడ మీద చెక్కల గూడు, దాని మీద వరసగా పావురాలు. అర్జునరావు వెనక్కి తగ్గలేదు. గేటు తోసుకుని, తెరిచి ఉన్న తలుపు దాటి, బూటుకాలు లోపల పెట్టాడు.

"కదలొద్దు!" అని నాగబాబు ఈల ఊదాడు.

లుంగీ కట్టుకుని మంచం మీద కూర్చున్న మనిషి తలెత్తాడు. చిక్కిపోయాడు, గడ్డం నెరిసింది. అయినా పోల్చుకోవడానికి అర్జునరావుకి క్షణం పట్టలేదు. దొరబాబు. గాజువాకలో అద్దెకుండే దొరబాబు ఈ ఇల్లెప్పుడు కట్టుకున్నాడో అతనికి తెలియదు. చెప్పేవాళ్లెవరు?

దొరబాబు ముందు బావ మొహం చూశాడు. తరవాత గుమ్మం లోపలున్న బూటు చూశాడు.

"రా బావా," అన్నాడు నెమ్మదిగా. "ఇప్పుడు పేరేటి పెట్టుకున్నావు?"

 అర్జునరావు కాలు వెనక్కి తీసుకుందామంటే అది కదల్లేదు. నాగబాబు మాత్రం విడిచిపెట్టలేదు. కాగితం చూపించి, మాత్రలంటే ఏంటో, ఉప్పంటే ఏంటో చెప్పమని నిలదీశాడు.

"మాత్రంటే మాత్రే. గుండెకి స్టెంటు ఏసి ఆరు నెలలైపోనాది," అని దొరబాబు తలగడ పక్కనున్న మందుల డబ్బా చూపించాడు. "ఉప్పంటే ఉప్పే. నా సెల్లి ఒప్పుకోదు."

"ఆరు నెలలా? నాకెందుకు సెప్పనేదు?" అని అరిచాడు అర్జునరావు.

"సెప్పడానికి నువ్వు దారుంచావేటి, బావా?"

దొరబాబు లేచి బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి మూత తీశాడు. నిండా చుట్టిన కాగితాలు. పోతమ్మ చేపల తట్ట మీద బుట్ట పెట్టుకుని పావురాన్ని ఉక్కునగరం తీసుకెళ్తుందట. సుధారాణి చీటీ కట్టి వదిలితే అది గూటికి వచ్చేస్తుందట. "నువ్వు మనిసి సేత పంపొద్దన్నావంట. పిట్ట మాట ఎత్తనేదంట. పోతమ్మ పిట్టని మోత్తాది గానీ కబురు మొయ్యదు. నా సెల్లి ఒట్టు తప్పనేదు, సూసుకో. అయినా బావా, నీ పెళ్లాం రాత నీకు తెల్దేటి?"

తెలియదు. ముప్పై ఏళ్లుగా ఆమె రాసిచ్చిన సరుకుల చీటీని మడత విప్పకుండా కొట్టువాడి చేతిలో పెట్టాడు తప్ప ఒక్కనాడూ చదవలేదు. ఇప్పుడు డబ్బాలోంచి ఒకటి తీసి విప్పాడు. ‘ఈయన మోకాలికి నూనె రాత్తన్నాను. క్రేను మెట్లెక్కలేకపోతన్నారు, పైకి అనరు. నీ పేరు ఎత్తరు. వంజరం వండిన్రోజు తలకాయ మాత్రం తినకుండా ఒగ్గేత్తన్నారు.’ అర్జునరావుకి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. రెండూ కనపడకుండా హెల్మెట్టు తియ్యకుండా ఉండిపోయాడు.

"ఆ ఆఫీసరు తలకాయ ముట్టనేదు, బావా," అన్నాడు దొరబాబు. "దాని కళ్లు సూసి బయపడిపోనాడు. పిల్లి తినీసింది."

నాగబాబు ఈల జేబులో పెట్టుకుని, భోజనానికి ఉండమంటే ఉన్నాడు. ఉప్పు లేని పులుసు రెండుసార్లు వేయించుకున్నాడు.

మూడింటికి అర్జునరావు ఇల్లు చేరేసరికి సుధారాణి మెట్ల మీద కూర్చుని ఉంది. అన్నం తినలేదని మొహమే చెబుతోంది. అతను బూట్ల పెట్టె ఆమె ఒళ్లో పెట్టాడు. లోపల అదే పావురం.

"మీ అన్న ఇచ్చేడు. ఇక్కడ ఒగ్గేత్తే అక్కడికి పోతాదంట."

"నాను ఒట్టు తప్పనేదండీ," అందామె.

"తెలుసు. నానే తప్పేను." హెల్మెట్టు తీసి పక్కన పెట్టాడు. "మీ అన్నకి ఫోను సెయ్యి, పోనీ."

"అమ్మో! మీ తల మీద ఉందండీ ఒట్టు."

"అయితే రాయి."

ఆమె కాగితం, పెన్ను తెచ్చుకుంది. అతను చెప్పాడు. ‘ఆదివారం ఇద్దరం వొత్తన్నాం. తలకాయ నాకే.’ రాసింది అతను తీసుకుని ప్రతి అక్షరం చదివాడు. రాత గుండ్రంగా, బాగుంది. కింద అలవాటు చొప్పున సంతకం కూడా పెట్టి, నీలం దారంతో తనే కట్టి, బాల్కనీలోంచి పావురాన్ని వదిలాడు.

మల్కాపురం చేరడానికి దానికి పన్నెండు నిమిషాలు పట్టింది. అర్జునరావుకి మూడేళ్లు పట్టింది.