తొడ డివిజన్ విజయగాథ

"ఈ దేశంలో సార్కోమా ఇక ఒక్క అంగుళం కూడా కదలదు" అని 2006 ఎండాకాలంలో ఆరోగ్య మంత్రిగారు ఢిల్లీలో ప్రకటించినప్పుడు, ఆయన శాఖలో గుమాస్తాగా నేనూ చప్పట్లు కొట్టాను. సార్కోమా అంటే కండలోనో కొవ్వులోనో గడ్డగా పుట్టే అరుదైన క్యాన్సర్. అరుదైన జబ్బుకు మామూలు శాఖ చాలదని మొదట గ్రహించిన మేధావి మా జాయింట్ సెక్రటరీ సదాశివరావుగారు. శరీరాన్ని డివిజన్లుగా విడగొట్టి, తొడను తన దగ్గర పెట్టుకున్నారు.

తొడ డివిజన్‌కు ఏసీ వచ్చింది, కారు వచ్చింది. రోగి మాత్రం రాలేదు. చివరికి మా సెక్షన్‌లోనే దొరికాడు. సీతారామయ్య కుడి తొడ మీద నిమ్మకాయంత గడ్డ. ఆపరేషన్‌కు అనుమతి కోసం వెళితే సదాశివరావుగారు కుర్చీలోంచి లేచి మరీ కరచాలనం చేశారు.

అనుమతి అంత తొందరపడి ఇచ్చేది కాదు కదా. తొడ ఎక్కడ మొదలవుతుందో తేల్చడానికి సబ్‌కమిటీ వేశారు. నడుము డివిజన్ వాళ్ళు సరిహద్దు తగాదా పెట్టారు. ఈలోగా గడ్డ ఊరికే కూర్చోలేదు. ప్రభుత్వోద్యోగి ఒంట్లో ఉంటూ కూడా రోజూ పనిచేసి కొబ్బరికాయంత అయింది.

ఎట్టకేలకు దాన్ని కోసి తీశారు. ఆ వెనకే స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాయి. సీతారామయ్య భార్య కస్తూరిగారు ఆదరాబాదరాగా ఆఫీసుకు వచ్చారు.

"కంగ్రాచ్యులేషన్స్ అమ్మా, తొడ క్లియర్" అన్నారు సదాశివరావుగారు.

"ఊపిరితిత్తులకి పాకిందండీ. వెంటనే మందు మొదలెట్టాలంటున్నారు. తమరు సంతకం పెడితే..."

"అచ్ఛా, అది ఛాతీ డివిజనమ్మా. అక్కడ పోస్టులింకా శాంక్షన్ కాలేదు."

"తొడ మీది, ఛాతీ వాళ్ళది. మరి మనిషి ఏ డివిజనండీ?"

సదాశివరావుగారు చిత్తశుద్ధితో ఆలోచించారు. "మీరుండేది ఘాజియాబాద్ కదూ? మనిషి యూపీ కిందకి వస్తాడు."

నాకు ఒళ్ళు మండింది. కానీ రూల్సు విషయంలో ఆయన్ని కాదనగలవాళ్ళు ఢిల్లీలోనే లేరు.

ఆ నెలాఖరున విజయోత్సవం జరిగింది. తొడ డివిజన్‌లో పెండింగ్ కేసులు సున్నా అని మంత్రిగారు ప్రకటించి, సదాశివరావుగారికి శాలువా కప్పారు. సీతారామయ్యను వేదిక మీద నడిచి చూపించమన్నారు. చక్కగా నడిచాడు. నాలుగు మాటలు చెప్పమని మైకిస్తే దగ్గు తెర ఆగలేదు. జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

మర్నాడు పేపర్లో ఆ ఫోటో వేశారు. కృతజ్ఞతతో నోట మాట రాని లబ్ధిదారు అని కింద రాశారు.