ఒనుకి పట్టణ ప్రగతి, ఒకే డిస్కులో

ఒనుకి పట్టణం ప్రగతిపథంలో పరుగులు తీస్తోందని మేయర్ తొదొరొకి గారు మైకు పట్టుకుని ప్రకటించారు. ఆ పరుగంతా ఎనిమిది గంటల వీడియోగా తయారైంది. శుక్రవారం సాయంత్రం ఐదులోగా దాన్ని పైప్రభుత్వానికి అందజెయ్యాలి. లేకపోతే ఒనుకిని పక్కనున్న సుగెతాలో కలిపేస్తారు. కలిపేస్తే ఇద్దరు మేయర్లకీ ఒకటే కుర్చీ. నిబంధన ఒక్కటే: అంతా ఒకే డిస్కులో పట్టాలి. రెండో డిస్కు జతచేస్తే దరఖాస్తు చెల్లదు.

ఈ మహత్కార్యం గుమాస్తా షినోమియా నెత్తిన పడింది.

"ఫైలు డిస్కుకి ఆరు రెట్లుంది సార్. కొంత కత్తిరించాలి."

"ఎవర్ని కత్తిరిస్తావయ్యా? ఉపమేయర్నా? పదకొండుమంది కౌన్సిలర్లలో ఒకర్నా? రేపు వాళ్ల మొహం నువ్వు చూస్తావా, నన్ను చూడమంటావా?"

న్యాయమైన మాట. ఒనుకిలో మనిషి జీతం కోసినా ఓర్చుకుంటాడు గాని, గ్రూపు ఫోటోలో లేకపోతే ఓర్చుకోడు.

కనక షినోమియా కత్తిరించకుండా కుదించడం మొదలెట్టాడు. మధ్యాహ్నానికల్లా అద్భుతం జరిగింది. మూడు గంటల కౌన్సిల్ సమావేశం మిరియపు గింజంత అయింది.

"నా ప్రసంగం తీసేశావా?" అన్నారు మేయర్ గారు కంగారుగా.

"అంతా ఉంది సార్. ఈ సాఫ్ట్‌వేర్ కదిలేదాన్నే కొత్తగా రాసుకుంటుంది. కదలనిదాన్ని ఒక్కసారి రాసి, ఇక 'అదే, అదే' అనుకుంటూ పోతుంది. సమావేశంలో ఎవరూ కదల్లేదు."

"అదీ క్రమశిక్షణంటే!" మేయర్ గారి కళ్లు చెమర్చాయి.

కొత్త వంతెన పనులు రెండు గంటలు తీశారు. అవి ఇంకా చిన్నవయ్యాయి. పౌరసేవా విభాగమైతే దాదాపు మాయమైంది. తను పనిచేసేది అందులోనేనని గుర్తొచ్చి షినోమియాకి సిగ్గేసింది.

నాలుగైంది. అయినా డిస్కు చాలలేదు.

"చోటంతా ఎవరయ్యా తినేస్తోంది?"

వెతికితే దొరికింది. ఎవరో కెమెరా ఆపడం మరిచిపోయిన ముక్క అది. ఆఫీసు ముంగిట చెర్రీ రేకులు రాలుతున్నాయి, స్వీపర్ తొమె అవ్వ ఊడుస్తోంది.

"ఈవిడ ఒక్క క్షణం ఆగదా?"

"ఆగదు సార్. పాతికేళ్లుగా చూస్తున్నాం."

"ఊరంతా సహకరిస్తుంటే ఈవిడకేం వచ్చింది? తీసెయ్."

తీసేశాడు. ఇంకో పట్టణానికి సరిపడా చోటు మిగిలింది. ఐదుకి రెండు నిమిషాలుందనగా, ఎర్రముద్రలన్నీ వేయించుకున్న డిస్కు చేరవలసిన బల్ల మీదికి చేరింది.

పదో రోజున జవాబొచ్చింది. పట్టణం దక్కింది. పాలనలో అపూర్వమైన స్థిరత్వం చూపినందుకు మేయర్ గారికి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. కింద చిన్న అక్షరాల్లో ఒక షరతుంది. పొదుపు కోసం, డిస్కులో కనబడని సిబ్బందిని వెంటనే తొలగించాలట. జాబితా సరిచూస్తే అలాంటి పేరు ఒక్కటే తేలింది.

"మర్యాదగా చెప్పు. నడుం బాగా వంచు," అంటూ మేయర్ గారు ఆ కాగితం షినోమియా చేతిలో పెట్టారు.

షినోమియా ముంగిట్లోకి వెళ్లి తొమె అవ్వ ఎదుట నిలబడి నడుం వంచాడు.

"దారికడ్డంగా నిలబడిపోయావేం నాయనా?" అంది అవ్వ, చీపురు ఆపకుండా. "కాస్త ఆ కాలు తియ్యి."

కాలు తీశాడు.